క్యాన్సర్ పేపర్ల రాశులు కొలిచేవారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఇరుగుపొరుగు దేశాలను ఒక వరసలో నిలబెట్టి, క్యాన్సర్ మీద ఎవరు ఎన్ని పరిశోధన పేపర్లు అచ్చేశారో లెక్క తీసే పరిశోధకులకు, ఆ లెక్కలను వ్యాసాలుగా వేసే సంపాదకులకు, వాటిని చూసి నిధులు పంచే పరిశోధన మండళ్ల పెద్దలకు కలిపి రాస్తున్న ఉత్తరమిది. ముగ్గురికీ విడివిడిగా రాయొచ్చు. కానీ పట్టికలో తప్పేదైనా ఎత్తిచూపితే మీలో ప్రతి ఒక్కరూ తక్కిన ఇద్దరి వైపు చెయ్యి చూపిస్తారని అనుభవం మీద తెలిసింది. అందుకే ఒకే కవరులో పెడుతున్నాను.

నేను బయటి మనిషినేం కాను. ఏళ్ల తరబడి ఇలాంటి పట్టికలే కట్టాను. ఒకసారి కాకసస్ ప్రాంతంలోని జార్జియా, ఆర్మేనియా, అజర్‌బైజాన్‌లను పోల్చే పని నా మీద పడింది. పరిశోధన పేపర్ల డేటాబేస్‌లో రచయితల చిరునామా గడిలో దేశం పేరు కొట్టాను, క్యాన్సర్ అన్న మాట జోడించాను, వచ్చిన అంకెలు పట్టికలోకి ఎక్కించాను. జార్జియా మిగతా రెండింటినీ ఆమడ దూరంలో వదిలేసింది. నాకు ముచ్చటేసింది కూడా. ఇంత చిన్న దేశం ఎంత కష్టపడుతోందో చూడండి అన్న ధోరణిలో రెండు వాక్యాల వ్యాఖ్యానం రాసుకున్నాను. అచ్చుకు పంపడానికి రెండు రోజుల ముందు యథాలాపంగా ఒక పేపరు చిరునామా చదివితే, అక్కడ అట్లాంటా అని ఉంది. అది అమెరికాలోని జార్జియా రాష్ట్రం! అమెరికన్ క్యాన్సర్ సొసైటీ అక్కడే, ఎమరీ విశ్వవిద్యాలయం అక్కడే, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అక్కడే. జార్జియా దేశపు రాజధాని తిబిలిసి ఖాతాలో నేను జమ వేసినదంతా అట్లాంటా సొమ్ము.

సరే, అది కంటికి దొరికే తప్పు. దొరకనివి దాని కింద పొరల్లో ఉంటాయి.

వైద్య పరిశోధన పేపర్లను వెతికే డేటాబేస్ పబ్‌మెడ్‌నే తీసుకోండి. 2013 దాకా అందులో మొదటి రచయిత చిరునామా ఒక్కటే నమోదయ్యేది. 2014 నుంచి రచయితలందరి చిరునామాలూ ఎక్కుతున్నాయి. ఈ సంగతి తెలియకుండా 2005 నుంచి 2020 దాకా ఒక గీత గీశారనుకోండి, ఎప్పుడూ మూడో పేరుగానో ఏడో పేరుగానో మిగిలిపోయే దేశాలన్నీ 2014లో ఉన్నట్టుండి లేచి నిలబడతాయి. ఆ లేచిన చోట ‘ప్రభుత్వ విధానాల ఫలితం’ అని రాసిన వ్యాసాలు సమీక్ష కోసం నా దగ్గరికి వచ్చాయి. ఏ ప్రభుత్వం? ఏ విధానం? చిరునామా గడి వెడల్పయింది, అంతే.

ఇక ఒక పేపరును ఎవరి ఖాతాలో ఎంత వేస్తారన్నది ఇంకో తంటా. రచయితలు నలభై దేశాల వాళ్లయితే, మొత్తం లెక్క పద్ధతిలో నలభై దేశాలకూ తలా ఒకటి పడుతుంది. వంతుల లెక్క పద్ధతిలో ఒక్కో దేశానికీ నలభయ్యో వంతే దక్కుతుంది. వ్యాధి భారం మీద వచ్చే పెద్ద అంతర్జాతీయ పేపర్లలో వందల పేర్లుంటాయి కదా. అలాంటి పది పేపర్లలో తలా ఒక పేరు ఉన్న చిన్న దేశానికి మొదటి పద్ధతిలో 10 వస్తాయి, రెండో పద్ధతిలో పావు పేపరు వస్తుంది. పదికీ పావుకీ మధ్య తేడా ఆ దేశంలో ఎవరో చేసిన పనిలో లేదు, మీరు పట్టుకున్న కొలపాత్రలో ఉంది. ఒకరు మానికతో, ఇంకొకరు సోలతో కొలిచి, ఎవరి కుప్ప పెద్దదని వాదించుకుంటున్నట్టుంది మన వ్యవహారం. పద్ధతుల విభాగంలో ఏ కొలపాత్ర వాడారో ఒక్క వాక్యం రాయడానికి బద్ధకిస్తున్నారు చాలామంది. సంపాదకులైనా అడగడం లేదు.

ఈ గొడవలన్నీ సరిదిద్దుకున్నారనే అనుకుందాం. నా అసలు ఫిర్యాదు ఆ తర్వాత మొదలవుతుంది. పేపర్ల సంఖ్య పక్కన మీరు ఏ అంకె పెడుతున్నారు? జనాభా పెడతారు, లేదా స్థూల జాతీయోత్పత్తి పెడతారు. ఆ దేశంలో ఏ క్యాన్సర్‌తో ఎంతమంది చనిపోతున్నారన్నది మాత్రం పెట్టరు. 2022లో ప్రపంచమంతటా దాదాపు 2 కోట్ల కొత్త క్యాన్సర్ కేసులు, 97 లక్షల మరణాలు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగమైన ఐఏఆర్‌సీ అంచనా కట్టింది. ఆ మరణాల్లో 18 లక్షలు ఒక్క ఊపిరితిత్తుల క్యాన్సర్‌వే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మూడున్నర లక్షల మంది స్త్రీలు పోయారు. అందులో అత్యధికులు పేద, మధ్యాదాయ దేశాల వాళ్లు. ‘క్యాన్సర్ పేపర్లు’ అని ఒకే మూటగా కట్టేస్తే ఇదంతా మూటలోనే ఉండిపోతుంది. అన్నవాహిక క్యాన్సర్‌తో జనం చచ్చిపోతున్న చోట ప్రయోగశాలలన్నీ రొమ్ము క్యాన్సర్ కణాల మీద పేపర్లు రాస్తుంటే, మీ పట్టిక ఆ దేశాన్ని ముందు వరసలో కూర్చోబెట్టి సన్మానం చేస్తుంది.

అన్నవాహిక మాట ఊరికే తేలేదు. పొరుగు దేశాల పోలిక ఎంత అర్థం లేకుండా తయారవుతుందో చూడాలంటే ఆ జబ్బుకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయ మూలన ఇరాన్‌లోని గొలెస్తాన్ రాష్ట్రం దగ్గర మొదలై తుర్క్‌మెనిస్తాన్, ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్‌ల మీదుగా ఉత్తర చైనా దాకా ఒక పట్టీ ఉంది. వైద్యులు దాన్ని అన్నవాహిక క్యాన్సర్ పట్టీ అనే పిలుస్తారు. 1969లో టెహ్రాన్ విశ్వవిద్యాలయం, ఐఏఆర్‌సీ కలిసి కాస్పియన్ తీరంలో క్యాన్సర్ కేసులు నమోదు చేసే రిజిస్ట్రీ తెరిచినప్పుడు, తుర్క్‌మెన్ జనం నివసించే మైదానంలో ఏటా లక్ష మందికి వందకు పైగా అన్నవాహిక క్యాన్సర్ కేసులు బయటపడ్డాయి. ప్రపంచంలో అత్యధికమైన రేట్లలో అదొకటి. 2004 నుంచి 2008 దాకా గొలెస్తాన్‌లో 50,045 మందిని చేర్చుకుని ఏళ్ల తరబడి వెంబడించారు. వాళ్లు తాగే టీ ఎంత వేడిగా ఉందో థర్మామీటరు పెట్టి కొలిచారు. 60 డిగ్రీలకు మించిన వేడితో ఎక్కువగా తాగేవాళ్లకు ముప్పు ఎక్కువని తేల్చారు. నల్లమందు వాడకం క్యాన్సర్ కారకమని 2020లో ఐఏఆర్‌సీ ప్రకటించినప్పుడు చూసిన ఆధారాల్లో ఈ అధ్యయనం ఒకటి. పట్టీకి రెండో కొసన, చైనాలోని లిన్‌షియన్‌లో 29,584 మందికి విటమిన్లు, ఖనిజాలు ఇచ్చి చూసిన పరీక్ష ఫలితాలు 1993లో వచ్చాయి.

ఇప్పుడు ఈ పట్టీని మీ పట్టికలో వేయండి. చైనా కొండలా కనిపిస్తుంది. ఇరాన్ గుట్టలా ఉంటుంది. తుర్క్‌మెనిస్తాన్ గడిలో దాదాపు ఏమీ ఉండదు. సరిహద్దు కంచెకు ఇటూ అటూ ఉన్నది ఒకే జాతి మనుషులు. కంచెకు ఇటు ఉన్న మనిషి అన్నవాహిక గురించి యాభై వేల మంది లెక్క ఉంది, అటు ఉన్న మనిషి గురించి కాగితం లేదు. ఈ ఖాళీ గడిని మీరు ‘తక్కువ ఉత్పాదకత’ అని చదువుతున్నారు. నాకైతే అది రిజిస్ట్రీ లేని చోటు, పాథాలజిస్టు దొరకని చోటు, ఉన్న నలుగురు వైద్యులకూ ఓపీ తప్ప తల ఎత్తే తీరిక లేని చోటు అని చదవాలనిపిస్తుంది. పైగా మధ్య ఆసియాలో రాసేవాళ్లు చాలామంది రష్యన్‌లో రాస్తారు. మీరు వెతికే సూచికలకు ఇంగ్లిష్ తప్ప మిగతా భాషలంటే చిన్నచూపు. వాళ్లు రాయలేదా, మీకు కనపడలేదా అన్నది తేల్చకుండా ర్యాంకు వేసేశారు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తాను. 1958లో ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రి సర్జన్ డెనిస్ బర్కిట్ పిల్లల దవడల్లో వచ్చే ఒక కణితి గురించి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో రాశాడు. మీ లెక్కలో ఉగాండాకు ఒకటి. ఆ జబ్బు ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడానికి పిల్లల ఫొటోలు అచ్చేయించిన కరపత్రాలను ఆఫ్రికాలోని ఆసుపత్రులకు పోస్టు చేశాడు. 1961లో ఇద్దరు తోటి వైద్యులతో పాత ఫోర్డ్ స్టేషన్ వాగన్ ఎక్కి, పది వారాల్లో సుమారు 10,000 మైళ్లు తిరిగాడు. దారిలో కనిపించిన ఆసుపత్రిలోనల్లా దిగి, ఇలాంటి పిల్లలు మీ దగ్గరికి వస్తున్నారా అని అడిగాడు. వేడి, వాన ఎక్కువగా ఉన్న పల్లపు ప్రాంతాల్లోనే జబ్బు ఉందని, ఎత్తయిన చల్లని చోట లేదని ఆ ప్రయాణంలో తేలింది. దేశాల సరిహద్దులకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ కణితి ముక్కలలోంచే 1964లో లండన్‌లో ఎప్‌స్టీన్, అచోంగ్, బార్ ఒక వైరస్‌ను పట్టుకున్నారు. మనిషిలో క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌లలో మొదట దొరికింది అదే. ‘అవును, మా దగ్గరా ఉన్నారు’ అని చెప్పిన ఆ దారిపొడుగు ఆసుపత్రుల వైద్యులున్న దేశాలకు మీ పట్టికలో ఎంత పడుతుంది? రచయితల వరసలో పేరు లేదు కాబట్టి సున్నా. కనుక్కోవడం మటుకు వాళ్ల జవాబులతోనే జరిగింది.

పోలికే వద్దంటున్నానని అనుకోకండి. ఇరుగుపొరుగును చూసుకుని బాగుపడ్డ కథ ఒకటి ఉంది, అందులోనూ మీలాంటి వాళ్లే లెక్కలు కట్టారు. డెన్మార్క్‌లో 1942 నుంచి దేశమంతటికీ క్యాన్సర్ రిజిస్ట్రీ ఉంది, ప్రపంచంలో అంత పాతది ఇంకోటి లేదు. తర్వాత నార్వే, ఫిన్లండ్, స్వీడన్ కూడా తెరిచాయి. నాలుగూ ఒకే తీరున నమోదు చేస్తాయి కాబట్టి నిజంగా పోల్చడానికి వీలుంది. పోల్చి చూస్తే, క్యాన్సర్ వచ్చాక బతికి ఉండే వారి శాతంలో డెన్మార్క్ పొరుగువారికన్నా వెనకబడి ఉందని 1990ల నుంచి అధ్యయనం తర్వాత అధ్యయనం చూపించింది. గమనించండి, జనాభాతో చూస్తే పరిశోధన పత్రాల్లో డెన్మార్క్ వెనకబడ్డ దేశం కానే కాదు. పేపర్ల పట్టిక ఒక్కటే చూసి ఉంటే వాళ్లు హాయిగా నిద్రపోయేవాళ్లు. జబ్బు ఆలస్యంగా బయటపడుతోంది, అనుమానం వచ్చిన రోజు నుంచి చికిత్స మొదలయ్యే రోజు దాకా రోగి వరసల్లో నిలబడుతున్నాడు అని ఒప్పుకున్నారు. 2007లో క్యాన్సర్‌ను అత్యవసర జబ్బుగా చూడాలని నిర్ణయించి, 2008 నుంచి ఏ దశ ఎన్ని రోజుల్లో పూర్తి కావాలో గడువులు పెట్టారు. ఆ తర్వాతి ఏళ్లలో మనుగడ రేట్లు మెరుగై, పొరుగుతో దూరం తగ్గింది. 2015లో నార్వే, స్వీడన్ ఆ పద్ధతినే తెచ్చుకున్నాయి. వెనకబడ్డవాడి దగ్గర ముందున్నవాళ్లు నేర్చుకున్నారు! ర్యాంకుల పట్టికలో ఇలాంటిది జరగదు. అందులో పైనున్నవాడు కిందకి చూడడు.

నిధులు పంచే పెద్దలకు విడిగా ఒక మాట. పేపరుకింత అని నగదు కట్టి, ప్రమోషనుకు ఇన్ని పేపర్లని గీత గీస్తే ఏమవుతుందో ఇప్పటికే చూశాం. 2017 ఏప్రిల్‌లో ట్యూమర్ బయాలజీ అనే ఒక్క పత్రిక నుంచి 107 పేపర్లను ఒకేసారి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ పేపర్లను చదివి బాగోగులు చెప్పాల్సిన సమీక్షకుల ఈమెయిళ్లే దొంగవి. చైనా ప్రభుత్వమే 2020లో పేపర్లకు నగదు బహుమతులు ఆపమని విశ్వవిద్యాలయాలకు చెప్పింది. 2023లో హిందావీ ప్రచురణ సంస్థ ఏకంగా 8,000కు పైగా పేపర్లను ఉపసంహరించింది. సిడ్నీకి చెందిన జెనిఫర్ బర్న్ అనే శాస్త్రవేత్త, క్యాన్సర్ జన్యువుల మీద వచ్చిన పేపర్లలో పరీక్షించినట్టు రాసిన జన్యువుకూ, ఇచ్చిన అక్షర క్రమానికీ పొంతన లేనివి గుట్టలుగా బయటపెట్టింది. మీ పట్టికలు ఇవన్నీ ఎంచక్కా కూడేస్తాయి. డేటాబేస్ నుంచి అంకెలు దించుకున్న తేదీ ఒకటి వేసి, ఉపసంహరించినవి తీసేశామా లేదా అన్నది చెప్పరు. పొరుగు దేశాన్ని దాటేశామని మంత్రిగారు సభలో చెప్పుకోవడానికి ఆ కూడిక సరిపోతుంది. మరుసటి ఏడాది దాటినచోటే నిలబడాలంటే ఇంకాస్త చెత్త కావాలి.

దీనికి ఎదురుగా ఇంకొకటి పెట్టి చూడండి. కోస్టారికాలో 2004–05లో 7,466 మంది యువతులను చేర్చుకుని, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా పరీక్ష మొదలుపెట్టారు. అందరికీ మూడు డోసులు వేయాలి. అందరూ పూర్తి చేయలేదు. మధ్యలో గర్భం వచ్చినవాళ్లు, ఇతర కారణాలతో ఆగిపోయినవాళ్లు కలిసి దాదాపు ఐదో వంతు మంది. వేరే చోట అయితే వీళ్లను లెక్కలోంచి కొట్టేసి ఉండేవారేమో. ఇక్కడ విడిగా చూశారు. ఒక్క డోసే వేయించుకున్నవాళ్లకూ రక్షణ నిలబడిందని 2011లో రాశారు. ఆ తర్వాత కెన్యాలో, ఇతర చోట్ల దీన్ని సరిచూశారు, 2022లో ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించింది. మూడు సార్లు పిల్లలను పిలిపించలేని దేశాలకు ఇది ఎంత పెద్ద ఊరటో చెప్పక్కర్లేదు. మధ్య అమెరికా దేశాల పట్టికలో ఆ పేపరు విలువ 1. అమెరికా వాళ్లూ కలిసి రాశారు కాబట్టి వంతుల లెక్కలో అదీ రాదు. భూటాన్‌దైతే ఇంకా విచిత్రం. 2010లోనే జాతీయ స్థాయిలో ఆడపిల్లలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టిన దేశమది. పేపర్ల వరసలో మాత్రం ఎప్పుడూ అట్టడుగునే.

ఇక నేను అడిగేవి. డేటాబేస్‌లో మీరు కొట్టిన మాటలను ఉన్నవున్నట్టు అచ్చేయండి, కామాతో సహా. నాలాంటి వాళ్ల అట్లాంటాలు ఎవరో ఒకరు పట్టుకుంటారు. మొత్తం లెక్క, వంతుల లెక్క రెండూ పక్కపక్కన చూపండి. రెండింటి మధ్య వరస మారితే ఆ మార్పు గురించే వ్యాసం రాయండి, అది పట్టికకన్నా ఆసక్తిగా ఉంటుంది. పేపర్లను అవయవాల వారీగా విడదీసి, పక్కన ఆ దేశంలో ఆ అవయవపు క్యాన్సర్ మరణాలు పెట్టండి. దేశమంతటికీ రిజిస్ట్రీ ఉందా, జనాభాలో ఎంత భాగాన్ని చూస్తోంది అన్నదానికి ఒక గడి ఇవ్వండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇరుగుపొరుగు కలిసి రాసినవెన్నో లెక్కపెట్టండి. నేను కట్టిన పట్టికల్లో ఈ గడి తీసి చూస్తే చాలాసార్లు తల కొట్టుకోవాలనిపించింది. ఒకే పట్టీ మీద, ఒకే జబ్బుతో ఉన్న రెండు దేశాల వాళ్లు సముద్రాల అవతలి విశ్వవిద్యాలయాలతో కలిసి రాస్తారు, గట్టు దాటి పక్కవాడితో రాయరు. వీసాలు, అనుమానాలు, రక్త నమూనాలు సరిహద్దు దాటనివ్వని నిబంధనలు, కారణాలు చాలా ఉన్నాయి. అవి తీసే శక్తి నాకు లేదు, మండళ్ల పెద్దలకు ఉంది. ‘దాటేశాం’ అన్న మాటకు ఇచ్చే డబ్బులో కొంత ‘కలిసి చేశాం’ అన్నదానికి మళ్లించి చూడండి.

సంపాదకులకు నా విన్నపం చిన్నదే. శీర్షికలో ర్యాంకు ఉన్న వ్యాసాన్ని వెనక్కి పంపి, ర్యాంకు తీసేసి మళ్లీ రాసుకురమ్మనండి. రాయడానికి ఏమీ మిగలకపోతే అది మీకూ వాళ్లకూ తెలిసిపోతుంది.

జార్జియా కథలో ఒక ముక్క చెప్పకుండా దాచాను. తప్పు దొరికాక అంకెలు సరిచేశాను. జార్జియా బాగా కిందకి దిగింది. అప్పుడు ఆ మెచ్చుకోలు వాక్యాలు రెండూ కొట్టేసి, వాటి స్థానంలో ‘పరిశోధన మౌలిక వసతులపై తక్షణం దృష్టి పెట్టాల్సిన అవసరం ఉంది’ అని రాశాను. రెండు రోజుల తేడాతో అదే చెయ్యి అదే దేశాన్ని పొగిడింది, తెగిడింది. రెండుసార్లూ తిబిలిసిలో ఏ ఒక్క ఆసుపత్రి పేరూ నాకు తెలియదు. సమీక్షకులు ముగ్గురు చదివారు. ఎవరూ ఏమీ అడగలేదు. వ్యాసం అచ్చయింది.

అప్పటి రెండు పట్టికలూ, నేను కొట్టిన వెతుకులాట మాటలూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీలో ఎవరు అడిగినా పంపుతాను.

ఇట్లు,
పట్టికలు కట్టిన ఒక గణాంక ఉద్యోగి